ఆగిన నెత్తురు, తిరిగి వచ్చిన నెత్తురు



డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమని మీరు పిలిచినప్పుడు కొంత సంకోచించాను. ఆయన జీవరసాయన శాస్త్రవేత్త. నేను ఆపరేషన్ గదిలో రోగి తలవైపు నిలబడే మత్తు వైద్యుణ్ణి. గుండె, రక్తనాళాల శస్త్రచికిత్సల్లో మత్తు ఇస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపాను. ఆయన ప్రయోగశాలకూ నా గదికీ చాలా దూరమనుకున్నాను. కానీ బృహద్ధమనిని మూసే క్లాంప్ పడిన ప్రతిసారీ రోగి ఒంట్లో ఏం జరుగుతోందో విద్యార్థులకు చెప్పబోతే నా నోట వచ్చే మొదటి మాట ఏటీపీ, కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం. ఆ మాట వెనుక ఉన్న ఇద్దరు ముగ్గురిలో సుబ్బారావుగారు ఒకరు. ఇది తట్టాక సంకోచం పోయింది.

1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు దుస్తులు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. 1923లో బోస్టన్ చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో చిల్లర పనులు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని కండరాల మీద ప్రయోగించినప్పుడు లెక్కకు అందని భాస్వరం ఒకటి కనిపించింది. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళకు, 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కుంటున్న సమయంలోనే, వీరూ ఏటీపీని కండరంలోంచి వేరుచేశారు.

శస్త్రచికిత్స ఆచార్యుడు ఆయనను చిన్నచూపు చూసి ఉండవచ్చు. శస్త్రచికిత్స మాత్రం ఆయనకు రుణపడింది. ఆ రుణం ఎలాంటిదో చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

బృహద్ధమని శస్త్రచికిత్స కథను సాధారణంగా సూది, దారం, కృత్రిమ గొట్టాల కథగా చెప్పుకుంటాం. నేను దాన్ని కాలం కథగా చదువుతాను. నెత్తురు ఆగినప్పుడు శరీరంలోని ఒక్కో అవయవం ఒక్కో గడియారాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మెదడుకు నాలుగైదు నిమిషాలు. వెన్నుపాముకూ మూత్రపిండానికీ మామూలు వెచ్చదనంలో సుమారు అరగంట. కాలి కండరానికి నాలుగు నుంచి ఆరు గంటలు. క్లాంప్ తీయగానే ఈ గడియారాలన్నీ ఆగిపోతాయని వైద్యులు చాలా కాలం నమ్మారు. అవి ఆగవనీ, కొన్నయితే అప్పుడే మొదలవుతాయనీ తెలుసుకోవడానికి వైద్యానికి మూడు వందల ఏళ్ళు పట్టింది.

బృహద్ధమని గుండె ఎడమ జఠరికలో పుట్టి, పైకి లేచి, కమానులా వంగి, వెన్నెముక పక్కనే కిందికి దిగి, దాదాపు బొడ్డు ఎత్తున రెండుగా చీలుతుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు ఈ దారిన బయలుదేరుతుంది. దీని శాఖలు గుండె కండరానికి, చేతులకు, మెదడుకు, పక్కటెముకల సందుల్లోకి, కాలేయానికి, పేగులకు, మూత్రపిండాలకు వెళతాయి. ఒంటి బరువులో అర శాతం కూడా తూగని మూత్రపిండాలు ఆ ప్రవాహంలో అయిదో వంతు పైగా తీసుకుంటాయి. అంతా వడపోతకే. వాటి లోపలి భాగం మాత్రం మామూలు రోజున కూడా ప్రాణవాయువు అంచున బతుకుతుంది. అందుకే ఎక్కడ కొరత వచ్చినా మూత్రపిండం ముందుగా మూలుగుతుంది.

ఈ దారిని మూస్తే ఏమవుతుందో మొదట రాసిపెట్టినవాడు డెన్మార్క్ దేశస్థుడు నీల్స్ స్టెన్సెన్. 1667లో, ఒక జంతువు బృహద్ధమనిని కిందిభాగంలో దారంతో బిగిస్తే వెనుక కాళ్ళు చచ్చుబడ్డాయని, ముడి విప్పితే మళ్ళీ కదిలాయని ఆయన ప్రకటించాడు. కండరానికి నెత్తురు అందకపోవడమే కారణమని అప్పట్లో అనుకున్నారు. అసలు దెబ్బ తగిలింది వెన్నుపాముకు. ఈ సంగతి స్పష్టం కావడానికి చాలా తరాలు పట్టింది. ఆ పొరపాటులో ఒక పాఠం ఉందని నా అభిప్రాయం: కాళ్ళు కదలడం లేదంటే కాళ్ళవైపే చూడటం మనిషికి సహజం.

1817లో లండన్‌లో ఆస్ట్లీ కూపర్ ధమని ఉబ్బి పగిలిన రోగికి బృహద్ధమనినే ముడివేశాడు. రోగి నలభై గంటలు బతికాడు. ఆ తరువాత వందేళ్ళకు పైగా, 1923లో రుడాల్ఫ్ మాటాస్ దాకా, అలాంటి ముడితో కోలుకుని ఇంటికి వెళ్ళినవాడు లేడు. రక్తనాళాలను కుట్టే విద్యను లోకానికి నేర్పి 1912లో నోబెల్ బహుమతి పొందిన అలెక్సిస్ కారెల్, 1910 నాటికే ఒక మాట తేల్చి చెప్పాడు. ఛాతీలోని బృహద్ధమని మీద చేసే ఆపరేషన్‌లో పెద్ద ప్రమాదం గుండె నుంచీ ధమని నుంచీ రాదని, నాడీమండలం నుంచి వస్తుందని. కుట్టే చేయి సిద్ధమైంది, కుట్టేంతసేపు శరీరం ఆగదు. ఆ తరువాతి శతాబ్దమంతా ఈ రెంటి మధ్య నడిచింది.

1944లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫూర్డ్ పుట్టుకతో సన్నబడిన బృహద్ధమని ముక్కను తీసి కుట్టాడు. 1951లో పారిస్‌లో షార్ల్ డ్యుబో పొట్టలో ఉబ్బిన బృహద్ధమనిని తొలగించి, మరణించిన మనిషి నుంచి తీసిన ధమనిని అతికించాడు. 1952లో న్యూయార్క్‌లో ఆర్థర్ వూర్హీస్ బట్టతో చేసిన గొట్టం వాడాడు. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ డేక్రాన్ గుడ్డ కొని తెచ్చి, ఇంట్లో కుట్టు మిషన్ మీద తానే గొట్టాలు కుట్టాడు. అంతకు ముందు, 1948లో, ఐన్‌స్టీన్ పొట్టలోని ఉబ్బుకు రుడాల్ఫ్ నిసెన్ చేయగలిగింది సెలోఫేన్ కాగితం చుట్టడం మాత్రమే. 1955లో అది పగిలింది, అప్పుడు ఆపరేషన్ వద్దన్నాడు ఐన్‌స్టీన్. పదేళ్ళ వ్యవధిలో ఇంత మార్పు. దారం సమస్య తీరిపోయింది. అప్పుడు కాలం సమస్య పూర్తిగా ముందుకు వచ్చింది.

ఆ సమస్య ఎలా ఉంటుందో మా గదిలోకి తీసుకువెళ్ళి చూపిస్తాను.

రోగికి రెండు చోట్ల ధమనిలో సన్నని గొట్టాలు ఉంటాయి, ఒకటి కుడి మణికట్టులో, రెండోది తొడ మొదట్లో. రెంటి రక్తపోటూ ఒకే తెర మీద రెండు గీతలుగా పక్కపక్కనే ఎగిరిపడుతుంటుంది. సర్జన్ చేయి చాపి “క్లాంప్” అంటాడు. నర్సు గోడ మీది బోర్డుపై సమయం రాస్తుంది. పళ్ళున్న ఆ ఇనుప పట్టకారు బిగిసిన క్షణం నుంచి పై గీత ఎగబాకుతుంది, కింది గీత చదునైపోతుంది. గుండె మూసిన తలుపును నెడుతూ ఉంటుంది. క్లాంప్ ఎంత పైన పడితే ఆ భారం అంత ఎక్కువ. మూత్రం సీసాలో చుక్క చుక్కకూ మధ్య దూరం పెరిగి, చివరికి చుక్క పడటం ఆగుతుంది. పొట్ట తెరిచి ఉంటే, గులాబిరంగులో కదులుతూ ఉండే పేగు నెమ్మదిగా బూడిదరంగుకు తిరిగి, కదలిక తగ్గి, తడిబట్ట పోగులా పడుకుంటుంది. నేను బోర్డు వైపూ పేగు వైపూ మార్చి మార్చి చూస్తాను. బోర్డు నిమిషాలు చెబుతుంది. ఆ నిమిషాల అర్థం పేగు చెబుతుంది. క్లాంప్ మూత్రపిండాల ధమనుల కింద పడినా మూత్రపిండాలకు వెళ్ళే నెత్తురు తగ్గుతుందన్నది విద్యార్థులు తరచూ మరిచిపోయే విషయం. దారి ఒకచోట మూస్తే ఆ కుదుపు పైవాళ్ళనూ వదలదు.

లోపల, కంటికి కనిపించని చోట, సుబ్బారావుగారి రెండు పదార్థాలు ఖర్చవుతుంటాయి. ముందు ఫాస్ఫోక్రియాటిన్ పోతుంది, అది చేతిలో చిల్లర లాంటిది. తరువాత ఏటీపీ. ఒక రోజులో మనిషి దాదాపు తన ఒంటి బరువంత ఏటీపీని తయారుచేసి ఖర్చుపెడతాడు, ఏ క్షణాన చూసినా నిల్వ మాత్రం కొద్దిపాటే. అంటే జీవకణం రోజుకూలీ లాంటిది, ఇవాళ పని దొరక్కపోతే రాత్రికి పొయ్యి వెలగదు. ప్రాణవాయువు లేక కణం చక్కెరను సగంలో విరిచి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. సోడియంను బయటికి నెట్టే పంపు ఆగుతుంది. సోడియం, దాని వెంట నీరు, ఆపైన కాల్షియం లోపలికి వస్తాయి. కణం ఉబ్బుతుంది. ఇటు ఏటీపీ మెట్టు మెట్టుగా విరిగి హైపోక్సాంథిన్‌గా పోగుపడుతుంది. ఆ పోగును గుర్తుపెట్టుకోండి, కథ దాని దగ్గరికి తిరిగి వస్తుంది.

ఇంతవరకూ జరిగినది కరువు. దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇప్పుడు క్లాంప్ తీస్తున్నారు.

సుబ్బారావుగారు పుట్టిన డెల్టాలోనే నేనూ పుట్టాను. వేసవిలో మాకు కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున పిల్లలం గట్టుమీదికి పరిగెత్తేవాళ్ళం. ముందుగా వచ్చేది నురగ. దాని వెనుక కుళ్ళిన గుర్రపుడెక్క, బురద, చచ్చిన చేపలు, వేసవంతా కాలువ అడుగున మగ్గినదంతా. ఆ మొదటి నీళ్ళను చెరువులోకి తిప్పిన రైతును నేను చూడలేదు. నాలుగు రోజులు పోనిచ్చి, తేటపడ్డాకే తూము ఎత్తేవారు. మా ఊళ్ళో బడికి వెళ్ళని పెద్దలకు కూడా తెలిసిన ఈ సంగతి వైద్యానికి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా పూర్తిగా తెలియదు.

1941లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, శిథిలాల కింద గంటల తరబడి కాళ్ళు నలిగినవారిని ప్రాణాలతో బయటికి తీశారు. చూడటానికి బాగానే ఉన్నారు. కొన్ని రోజులకు మూత్రం ఆగి చనిపోయారు. ఎరిక్ బైవాటర్స్ దీన్ని గమనించి రాశాడు. బరువు తీసేయడంతో, నలిగిన కండరంలోని విషపదార్థాలు నెత్తురులో కలిసి మూత్రపిండాలను చేరాయి. బృహద్ధమని క్లాంప్ తీసినప్పుడు జరిగేది దీనికి దగ్గరి చుట్టమే. అందుకే సర్జన్ పట్టకారును ఒక్కో పన్ను చొప్పున వదులుతాడు. నేను తెర వైపు చూస్తూ “ఆగండి” అంటాను, కాసేపాగి “కానివ్వండి” అంటాను. రక్తపోటు జారుతుంది. ఆమ్లం, పొటాషియం గుండె దాకా వస్తాయి, ఈసీజీలో ఒక అల సూదిలా మొనదేలుతుంది. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఇది మొదటి నీటి బురద. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది.

సర్దుకోనిది ఇంకొకటి ఉంది. 1960లో రాబర్ట్ జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల మీద పరిశోధిస్తూ, మూసిన ధమనిని తెరిచినప్పుడు కండరం చావు వేగం పుంజుకోవడం చూసింది. ప్రాణం పోసే నెత్తురే ఈ పని చేయడమేమిటి? దీనికి ఒక జవాబు 1980ల్లో జో మెకార్డ్, నీల్ గ్రాంజర్ వంటివారి పనితో వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న హైపోక్సాంథిన్ పోగు మీదికి ప్రాణవాయువు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఒక ఎంజైము రెంటినీ కలిపి, దొరికిన ప్రతి అణువునూ కరిచే సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. 2014లో మరో దారి బయటపడింది. కరువులో కణంలోని మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పోగుపడి, నెత్తురు రాగానే భగ్గున మండి, ఎలక్ట్రాన్లను వెనక్కి తరిమి, అదే విషాన్ని తయారుచేస్తుంది. రెండు దారుల్లో ఏ అవయవంలో ఏది ఎంత అన్న చర్చ సాగుతూనే ఉంది. నన్ను కదిలించేది మాత్రం ఈ ఒక్క విషయం. సుబ్బారావుగారు వేరుచేసిన ఏటీపీయే విరిగి, తిరిగి వచ్చిన ప్రాణవాయువుకు ఇంధనమవుతోంది. ఆకలి మిగిల్చిన బూడిదే అన్నం వచ్చాక నిప్పవుతోంది.

అక్కడితోనూ ఆగదు. రక్తనాళాల లోపలి పొర జిగటబడి తెల్లకణాలను పట్టుకుంటుంది. ఉబ్బిన కణాల వల్ల సన్ననాళాలు మూసుకుని, పెద్ద దారి తెరిచినా చివరి పొలానికి నీరందదు. మెదడులో ఈ స్థితిని 1968లోనే ఏమ్స్ బృందం కుందేళ్ళలో చూపింది. పేగు గోడ చిల్లులుపడి లోపలి సూక్ష్మజీవుల విషాలు బయటికి కారతాయి. రెచ్చిపోయిన తెల్లకణాలు నెత్తురు వెంట ఊపిరితిత్తులకు చేరి అక్కడ దెబ్బతీస్తాయి. క్లాంప్ వేసినంతసేపూ ఊపిరితిత్తులకు నెత్తురు ఒక్క నిమిషం ఆగలేదు. అయినా మూడో రోజున రోగి వెంటిలేటర్ మీద ఉంటాడు, బంధువులు “పొట్టలో ఆపరేషన్ చేస్తే ఊపిరి ఎందుకు ఆడటం లేదు డాక్టరుగారూ” అని అడుగుతారు. ఇది సరైన ప్రశ్న. దానికి నిలబడి ఓపిగ్గా జవాబు చెప్పడం మన విధి.

ఇక వెన్నుపాము. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వెన్నుపాము ముందువైపు పొడవునా ఒకే ఒక ధమని. దానికి కిందిభాగంలో నెత్తురు చేర్చే పెద్ద శాఖ, 1882లో ఆల్బర్ట్ ఆదమ్‌కీవిచ్ వర్ణించినది, ఎక్కువమందిలో ఎడమవైపు, ఛాతీ వెన్నుపూసల చివరి భాగంలో ఎక్కడో ఒకచోట పుడుతుంది. కచ్చితంగా ఎక్కడో మనిషి మనిషికీ తేడా. క్లాంప్ పడినప్పుడు వెన్నుపాము రెండు వైపుల నుంచి నలుగుతుంది. కిందివైపు ధమనుల్లో పీడనం పడిపోతుంది, చుట్టూ ఉన్న మస్తిష్కమేరు ద్రవం పీడనం పెరుగుతుంది. వెన్నుపాముకు దక్కేది ఈ రెంటి తేడా మాత్రమే. హ్యూస్టన్‌లో స్టాన్లీ క్రాఫర్డ్ ఛాతీ నుంచి పొట్ట దాకా ఉబ్బిన బృహద్ధమనులకు జీవితమంతా ఆపరేషన్లు చేసినవాడు. ఆయన చేసిన 1,509 మంది రోగుల లెక్క 1993లో వెలువడింది. వారిలో 16 శాతం మందికి కాళ్ళు పూర్తిగానో కొంతగానో చచ్చుబడ్డాయి. ప్రపంచంలో అందరికంటే నేర్పరి చేతిలో ఇది. తన చేతి ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినందుకు ఆ బృందానికి నేను మనసులో నమస్కరిస్తాను. ఆ అంకె అచ్చుకాకపోతే తరువాత వచ్చిన మార్పులకు కొలబద్ద ఉండేది కాదు.

ఆ మార్పుల్లో మొదటిది చల్లదనం. 1950లో టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో శరీరాన్ని చల్లబరిస్తే ప్రాణవాయువు అవసరం తగ్గుతుందని చూపాడు. డిగ్రీకి ఆరేడు శాతం. 1975లో రాండల్ గ్రీప్ రోగిని బాగా చల్లబరిచి, ప్రసరణ మొత్తం ఆపి, బృహద్ధమని కమానును మార్చిన అనుభవాన్ని ప్రకటించాడు. 18 డిగ్రీల దగ్గర మెదడు అయిదు నిమిషాల గడియారం అరగంటదవుతుంది. తరువాత జపాన్‌లో కాజుయి వంటివారు మెదడుకు విడిగా నెత్తురు పంపుతూ ఆ అరగంటనూ సాగదీశారు. గుండె ఎడమ గది నుంచి నెత్తురు తీసి కింది ధమనికి పంపే పంపు, మూత్రపిండాలకు 4 డిగ్రీల చల్లని ద్రావణం, పక్కటెముకల ధమనులను తిరిగి గొట్టానికి అతకడం, ఇవన్నీ ఆ దారిలోవే. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది మాత్రం ఒక సన్నని గొట్టం. నడుములోంచి పెట్టి మస్తిష్కమేరు ద్రవాన్ని కొద్దికొద్దిగా తీసేస్తే చాలు. జోసెఫ్ కోసెలీ బృందం 2002లో ప్రచురించిన పరీక్షలో, ఆ గొట్టం లేని 69 మందిలో 9 మందికి కాళ్ళు దెబ్బతిన్నాయి, గొట్టం ఉన్న 76 మందిలో ఇద్దరికి. ఖరీదైన యంత్రమేమీ లేదు, పీడనాల తీసివేత లెక్క ఒక్కటే.

అన్ని ఆశలూ ఇలా ఫలించలేదు. 1986లో జెన్నింగ్స్ సహచరులే, గుండెకు ముందుగా అయిదేసి నిమిషాల చొప్పున నాలుగు చిన్న కరువులు చూపిస్తే తరువాతి పెద్ద కరువును తట్టుకుంటుందని కనుక్కున్నారు. చేతికి బీపీ పట్టీ బిగించి వదిలినా దూరపు అవయవాలకు ఆ రక్షణ అందుతుందన్నారు. మాలో చాలామందిమి ఎంతో ఆశపడ్డాం. 2015లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, గుండె శస్త్రచికిత్స చేయించుకున్న సుమారు మూడు వేల మందిలో, దానివల్ల మేలు కనిపించలేదు. జంతువులో నిజమైనది, మత్తుమందుల మధ్య, ముసలితనం, మధుమేహం మోస్తున్న మనిషిలో నిలవకపోవచ్చు. మందులతో ఆ సూపరాక్సైడ్‌ను అణచాలన్న ప్రయత్నాలూ ఇంతవరకు మంచం దగ్గరికి రాలేదు.

క్లాంప్ లేకుండానే, తొడలోంచి స్టెంట్ గొట్టాన్ని పంపే పద్ధతి వచ్చింది. ఖార్కివ్‌లో నికోలాయ్ వోలోదోస్ 1987లో, బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి 1990లో దానికి దారి వేశారు. రోగికి ఎంతో ఉపశమనం. అయినా ఆ గొట్టం పక్కటెముకల ధమనుల నోళ్ళను కప్పేస్తుంది కాబట్టి వెన్నుపాము ప్రశ్న అలాగే మిగిలింది. దారిని మూసేది ఇనుమైనా గుడ్డైనా వెన్నుపాముకు తేడా తెలియదు.

మన దగ్గర ఈ విద్యకు ఇంకో కోణం ఉంది. జపాన్ వైద్యుడు తకయాసు పేరుతో పిలిచే ధమని గోడల వాపు మన దేశంలో చిన్న వయసు ఆడపిల్లల్లో కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సన్నబడిన ధమని పక్కదారులు తెరుచుకోవడానికి శరీరానికి వ్యవధి ఇస్తుంది. హఠాత్తుగా పగిలినది ఇవ్వదు. పగిలిన ధమనితో అంబులెన్సులో మూడు గంటలు ప్రయాణించి వచ్చేవాడికి మా బోర్డు మీద సమయం సున్నా నుంచి మొదలవుతుంది. అతని గడియారాలు దారిలోనే మొదలయ్యాయి. మేము రాసుకునే లెక్కలో ఇది ఎక్కడా పడదు.

మన మత్తు పత్రాల్లో రెండు గళ్ళున్నాయి, క్లాంప్ వేసిన సమయం, తీసిన సమయం. రెంటినీ తీసివేసి నిమిషాలు రాసి ఖాతా మూసేస్తాం. ఈ సభ ద్వారా నేను కోరేది మూడో గడి. క్లాంప్ తీసిన తరువాతి మూడు రోజులు, గంట గంటకూ, కాలి కదలిక, రక్తపోటు, ద్రవం పీడనం. దీనికి డబ్బు అక్కర్లేదు, రాత్రి మేలుకునే మనిషి కావాలి.

కొన్నేళ్ళ కిందట కొల్లేరు వైపు నుంచి చేపల చెరువుల రైతు ఒకాయన వచ్చారు, అరవై దాటిన మనిషి. ఛాతీ నుంచి పొట్ట దాకా బృహద్ధమని మార్చారు. సాయంత్రం మత్తు దిగాక రెండు కాళ్ళూ చక్కగా ఆడించారు. సర్జన్ నా భుజం తట్టి ఇంటికి వెళ్ళాడు. రాత్రి రెండు గంటలకు డ్యూటీ నర్సు ఆయన దుప్పటి తొలగించి, “పెదనాన్నగారూ, కాలి బొటనవేళ్ళు ఒకసారి ఆడించండి” అంది. ఆయన కళ్ళు మూసుకునే, “ఆడిస్తానే ఉన్నాను కదమ్మా” అన్నారు. కుడి వేలు ఆడుతోంది. ఎడమ వేలు ఆడటం లేదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. తెర మీద సగటు రక్తపోటు అంతకు గంట ముందు నుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. ఏ హెచ్చరిక గంటా మోగలేదు, ఎందుకంటే మరో రోగికి అది మంచి అంకే.

ఆమె ఫోన్ చేసింది. మేం వెళ్ళేలోపే మందు పెంచి సగటు రక్తపోటు 90 దాటించింది. నడుములోని గొట్టం తెరిచి ద్రవం కొద్దికొద్దిగా తీశాం. తరువాత చేయగలిగింది మంచం పక్కన నిలబడటమే. దుప్పటి పైకి మడిచి ఉంది, పాదాలు రెండూ బయట ఉన్నాయి, పొలం గట్ల మీద నడిచి పగిలిన మడమలు. ఆమె పావుగంటకొకసారి అదే మాట అడుగుతోంది, ఆయన అదే జవాబు చెబుతున్నారు. 3.40కి ఎడమ బొటనవేలు కదిలింది. ఆమె ఏమీ అనలేదు, పత్రం తీసి సమయం రాసి, పక్కన గడి లేదు కాబట్టి అంచున ఖాళీ జాగాలో రాసింది: “ఎడమ కాలు, కొంచెం.”